కప్పల తక్కెడ: ఇంటి అక్వేరియంలోకి ఏ నీటికప్పను తెచ్చుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు గదిలోని అద్దాల తొట్టి దగ్గర ఆగుతారు. చేపలనుకుని వంగి చూస్తారు, ఉలిక్కిపడతారు. మా చెల్లెలి పెళ్లయిన కొత్తలో మా బావ అయితే సగం తెలుగు, సగం ఒడియా కలిపి, "ఏటి బావా, ఇంట్లో బెంగల్ని పెంచుతున్నావా?" అన్నాడు. ఒడియాలో కప్పని బెంగొ అంటారు. మనకి బెంగ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియక తెచ్చుకుంటే రెండూ ఒకటే.

మాది అలాగే మొదలైంది. 2017 దసరాకి ఒక షాపులో "డ్వార్ఫ్ ఫ్రాగ్స్, ఇంతకంటే పెరగవు" అని చెప్పి రెండు తెల్ల కప్పలు కవర్లో కట్టి ఇచ్చారు. అప్పటికి ఒక్కోటి బొటనవేలి కొసంత ఉంది. ఇంట్లో ఉన్న గప్పీ చేపల మధ్య వదిలాం. జనవరి వచ్చేసరికి కప్పలు అరచేతిలో సగం అయ్యాయి, గప్పీలు మాత్రం పదకొండు నుంచి నాలుగుకి వచ్చాయి. ఓ రాత్రి లైటు వేస్తే పెద్ద కప్ప నోట్లోంచి నారింజ రంగు తోక ఒకటి బయటికి వేలాడుతోంది. అప్పుడు గానీ అర్థం కాలేదు, షాపులో అమ్మేవి రెండు వేర్వేరు జాతులని, మాకు అంటగట్టింది రెండోదని.

ఒకటి ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్. ఇంకోటి ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్. ఇక్కడ సులువుగా చిట్టి కప్ప, గోళ్ల కప్ప అంటాను. రెండూ బతుకంతా నీళ్లలోనే ఉంటాయి. రెండింటికీ నాలుక ఉండదు. రెండూ ఊపిరితిత్తులతోనే పీలుస్తాయి కాబట్టి మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి వెళ్తాయి. పోలిక అంతవరకే.

## కొనే ముందు కాళ్లు చూడండి

పేరు నమ్మొద్దు, రంగు నమ్మొద్దు, సైజు అసలే నమ్మొద్దు. కప్పని అద్దం దగ్గరికి రానివ్వండి, ముందు కాళ్లు చూడండి. వేళ్ల మధ్య బాతుకాలికి ఉన్నట్టు పొర ఉంటే అది చిట్టి కప్ప, దానికి నాలుగు కాళ్లకీ పొర ఉంటుంది. ముందు వేళ్లు విడివిడిగా, మనిషి చేతివేళ్లలా సన్నగా ఉంటే గోళ్ల కప్ప. దానికి పొర వెనక కాళ్లకే. ఆ వెనక కాళ్ల మూడు వేళ్లకి చిన్న నల్ల గోళ్లు కూడా ఉంటాయి గానీ అలాంటివి చిట్టి కప్పకీ ఉంటాయి, గుర్తుకి పనికిరావు. కళ్లు ఇంకో గుర్తు: చిట్టి కప్పకి తల పక్కన, గోళ్ల కప్పకి నడినెత్తిన, ఆకాశం చూస్తున్నట్టు.

తెల్లగా, గులాబీగా ఉన్నదైతే దాదాపు ఎప్పుడూ గోళ్ల కప్పే. ఈ ఒక్క ముక్క ఆ రోజు తెలిసుంటే ఏడు గప్పీలు దక్కేవి.

## తక్కెడలో ఏం పెట్టాలి

కప్పల తక్కెడ అని మనవాళ్లు ఊరికే అనలేదు, ఒకటి పెడితే ఇంకోటి దూకుతుంది. అందుకని అందం, ధర పక్కన పెట్టి నాలుగే చూద్దాం: మీ ఊరి వేడి, మీ వీధి కరెంటు, క్రమం తప్పకుండా మేత వేసే ఓపిక, ఎన్నేళ్లు చూడగలరు అన్నది. కప్ప ధర ఈ లెక్కలో చాలా చిన్నది. ట్యాంకు, మేత ముందు అది చిల్లర.

| చూడాల్సింది | చిట్టి కప్ప | గోళ్ల కప్ప |
|---|---|---|
| పుట్టిల్లు | మధ్య, పశ్చిమ ఆఫ్రికా | ఆఫ్రికా దక్షిణ భాగం |
| పెద్దయ్యాక | 3–4 సెం.మీ. | ఆడది 10–12 సెం.మీ., మగది చిన్నది |
| ఆయుష్షు | 5 ఏళ్లు, బాగా చూస్తే ఆ పైన | 15 ఏళ్లు, అంతకు మించి కూడా |
| నీళ్ల వేడి | 24–26 డిగ్రీలు | 18–22 డిగ్రీలు |
| ట్యాంకు | మూడింటికి 40 లీటర్లు | జంటకి 100 లీటర్లు |
| మేత | రోజు విడిచి రోజు | వారానికి 2–3 సార్లు |
| తోడు | నోరులేని చిన్న చేపలు | తన జాతి తప్ప ఎవరూ వద్దు |

ఈ పట్టికలో మన వైపు వాళ్లు రెండుసార్లు చదవాల్సిన వరుస వేడి. మే నెలలో మా ముందు గదిలో మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు నీళ్లు 31, 32 చూపిస్తాయి. చిట్టి కప్పకి అది కష్టం, గోళ్ల కప్పకి శిక్ష. అందుకే పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ వాళ్లు గోళ్ల కప్ప జోలికి వెళ్లొద్దని నా మాట. ఇంట్లో రోజంతా ఏసీ నడిచే గది ఉంటే వేరే సంగతి.

కోరాపుట్, సెమిలిగుడ వైపు లెక్క తిరగబడుతుంది. ఘాట్ ఎక్కితే ఎండాకాలం కూడా అంత మంట ఉండదు. చలికాలంలో అయితే చిట్టి కప్పకి హీటర్ పెట్టక తప్పదు, గోళ్ల కప్ప మాత్రం ఇంట్లో ఉన్న చలికి హాయిగా ఉంటుంది. మా రెండు తెల్లవాటినీ చివరికి కోరాపుట్‌లో ఉండే మా తోడల్లుడికి ఇచ్చేశాం. మూడడుగుల ట్యాంకు కట్టించాడు. ఇప్పటికీ ఉన్నాయి, ఆయన వానపాములు తవ్వుకొస్తూనే ఉన్నాడు.

## చిట్టి కప్ప: దీని గురించే ఎక్కువ రాస్తాను

ఎందుకంటే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. చూడ్డానికి నెమ్మది. నీళ్ల మధ్య చేతులు చాచి, ఒంటికాలి మీద కదలకుండా తేలుతూ ఉంటుంది. కొత్తవాళ్లు చచ్చిపోయిందని టెన్షన్ పడతారు. రాత్రి మగది సన్నగా గుయ్యిమని పాడుతుంది, ఫ్రిజ్ మోటారు దూరంగా మోగినట్టు. మగదాన్ని గుర్తుపట్టాలంటే ముందు కాలి చంక వెనక చిన్న తెల్ల బొడిపె చూడాలి.

దీనితో ఇబ్బంది ఒక్కటే, చూపు అంతంతమాత్రం. మేత వేస్తే పది సెకన్లలో చేపలు ఊడ్చేస్తాయి. అప్పటికి ఇది ఇంకా "వాసన వస్తోందే, ఎక్కడబ్బా" అని తిరుగుతూ ఉంటుంది. చేపల ట్యాంకులో సరదాకి ఒకటి వేసినవాళ్ల కప్పలు చిక్కి చిక్కి పోయేది ఇందుకే. రోగం కాదు, ఆకలి.

మేము కనిపెట్టిన ఉపాయం సిరంజి. మందుల షాపులో దొరికే పది ఎంఎల్ సిరంజి సూది తీసేసి, కరిగిన బ్లడ్‌వర్మ్స్‌ని (గడ్డకట్టించి అమ్మే ఎర్రటి సన్న పురుగులు) నీళ్లతో సహా పీల్చి, కప్ప ముక్కు ముందు ఒక అంగుళం దూరంలో మెల్లగా వదలాలి. ముందు ఏమీ జరగదు. తర్వాత గొంతు ఒకసారి కదులుతుంది. అప్పుడు ఎదురుగా ఏముందో చూడకుండానే ముందుకు ఒక్క ఉరుకు ఉరికి, రెండు చేతులతో అన్నం కలుపుకుని తిన్నట్టు పురుగుని నోట్లోకి తోసుకుంటుంది. సగంసార్లు గురి తప్పి పక్క కప్ప కాలు పట్టుకుంటుంది. మా అమ్మాయి సిరంజితో అద్దం మీద రెండుసార్లు తట్టి వేయడం అలవాటు చేసింది. ఇప్పుడు తట్టగానే మా చిట్టి కప్పలు మూడూ ఆ మూలకి వచ్చి నిలబడతాయి.

ఒంటరిగా కాకుండా మూడు, నాలుగు కలిపి తెచ్చుకోండి. ఒంటరిగా ఉన్నది రోజంతా దాక్కునే ఉంటుంది.

## గోళ్ల కప్ప: ఎవరికి

గట్టి ప్రాణం, తిండి దగ్గర గొడవ లేదు, మనిషిని గుర్తుపడుతుందా అన్నంత చురుకు. వానపాము ముక్క వేస్తే చేతిలోంచి లాక్కుంటుంది. సైన్సు పాఠం చెప్పే టీచర్లకి దీని కథ కూడా పనికొస్తుంది. 1930ల్లో ఆడ గోళ్ల కప్పకి గర్భిణి మూత్రం ఇంజెక్షన్ చేస్తే గంటల్లో గుడ్లు పెడుతుందని తేలింది. అలా కొన్ని దశాబ్దాలు ఆసుపత్రుల్లో ప్రెగ్నెన్సీ టెస్టు అంటే ఈ కప్పే. 1962లో శాస్త్రవేత్త జాన్ గర్డన్ క్లోనింగ్ ప్రయోగం అచ్చయింది కూడా దీని మీదే, దానికి 2012లో నోబెల్ వచ్చింది.

కానీ నోట్లో పట్టేది ఏదైనా మింగుతుంది. చేప, రొయ్య, చిట్టి కప్ప, ఒక్కోసారి తన పిల్ల. మీ అబ్బాయి ఆరో తరగతిలో తెచ్చింది డిగ్రీ చేతికొచ్చేదాకా ఉండొచ్చు. హాస్టల్‌కి వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారు? ఇంట్లో దీనికి జవాబు చెప్పలేకపోతే కొనకండి.

విసుగొచ్చి మహేంద్రతనయ నదిలోనో, ఊరి చెరువులోనో వదిలేయడం మాత్రం అస్సలు కూడదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, చిలీలో, ఫ్రాన్స్‌లో ఇవి ఊరి నీళ్లలో పడి స్థిరపడిపోయాయి, అక్కడి కప్పలకీ చేపలకీ తంటా తెచ్చాయి. కైట్రిడ్ అనే చర్మపు ఫంగస్ ఒకటుంది. గోళ్ల కప్ప తనకేమీ కానట్టే దాన్ని మోసుకు తిరుగుతుంది, వేరే కప్పలు మాత్రం దాంతో చచ్చిపోతాయి. ట్యాంకు కడిగిన నీళ్లు కూడా పొలం కాలవలోకి పోయకండి, బ్లీచింగ్ కలిపి కాసేపు ఉంచి డ్రైనేజీలో పోయండి.

## గాజు గిన్నె, అడుగున్నర, రెండడుగులు

షాపులో గాజు గిన్నెలో రెండు కప్పలు, ఒక వెదురు మొక్క పెట్టి టేబుల్ మీదకి బాగుంటుందని అమ్ముతారు. ఫిల్టరు లేదు, మూత లేదు, నీళ్లు రెండు లీటర్లు. అది నెమ్మదిగా చంపడం. నీళ్లు తక్కువైనకొద్దీ కప్ప మలమూత్రాల అమోనియా అంత త్వరగా పేరుతుంది, ఆ చర్మం స్పాంజిలా అన్నీ పీల్చుకుంటుంది.

అడుగున్నర ట్యాంకులో సుమారు ముప్పై లీటర్లు పడతాయి. రెండు చిట్టి కప్పలకి సరే అనిపించుకుంటుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది సరైనది, యాభై లీటర్ల చిల్లర. నిండితే అద్దంతో కలిపి అరవై కిలోల పైమాట, కాబట్టి టీవీ స్టాండ్ మీద పెట్టొద్దు. పొడుగు స్తంభంలా ఉండే డిజైన్ ట్యాంకులు చేపలకేమో గానీ కప్పలకి వద్దు, గాలి కోసం ప్రతిసారీ అంత ఎత్తు ఈదాలి.

అడుగున సన్న ఇసుక వేయండి, లేదా ఏమీ వేయకండి. రంగురాళ్లు మేతతో పాటు మింగేస్తాయి. మూత తప్పనిసరి, నీటికీ మూతకీ మధ్య రెండు అంగుళాలు గాలి ఉండాలి. గాలి గొట్టం కోసం మూలన వదిలిన కంతలోంచి మాది ఒకటి బయటపడింది. పొద్దున చెప్పుల స్టాండ్ కింద ఎండుమిరపకాయలా దొరికింది. ఇప్పుడు ఆ కంతలో స్పాంజి ముక్క కుక్కాం.

## కరెంటు పోయినప్పుడు

ఫిల్టర్లలో నాకు స్పాంజి ఫిల్టరే నచ్చుతుంది. చవక, నీళ్లు గిరగిరా తిప్పదు, చిన్న ఇన్వర్టర్ మీదా నడుస్తుంది. మోటారు ఫిల్టరు ధారకి చిట్టి కప్ప కొట్టుకుపోతుంది. పక్కకి వేలాడదీసే రకం అయితే ధార కింద ఒక స్పాంజి అడ్డం పెట్టాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధికి వారం దాటి కరెంటు లేదు. పక్కింటివాళ్ల గోల్డ్‌ఫిష్‌లు రెండో రోజుకే పైకి తేలాయి. మా చిట్టి కప్పలు నిలిచాయి. మా గొప్పేమీ లేదు, అవి గాలి పీల్చేవి కాబట్టి పంపు ఆగినంత మాత్రాన ఊపిరాడకపోవడం ఉండదు. వాటికి ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది. స్పాంజిలో ఉండి అమోనియాని తినే బ్యాక్టీరియా గాలి లేక చస్తుంది, నీళ్లు విషమవుతాయి. అందుకని కరెంటు లేనన్నాళ్లు మేత ఆపేయడం మంచిది. ఎదిగిన కప్ప నాలుగైదు రోజులు తినకపోయినా ఏమీ కాదు. నీళ్లు ఉంటే రోజూ కొంచెం మార్చాలి. తుపాను హెచ్చరిక వినగానే మనకి తాగునీళ్లు పట్టుకున్నట్టే వీటికీ రెండు బకెట్లు పట్టి పెట్టండి.

ఎండాకాలానికి చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాయగడ, గుణుపురం పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. బరంపురంలో సముద్రపు తేమకి అంత పనిచేయదు, అక్కడ ట్యాంకుని ఇంట్లో చల్లటి గదికి, గచ్చు మీదకి దించడమే మేలు. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు.

## నీళ్లు, మేత

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్లో ఉంచితే చాలావరకు పోతుంది గానీ, కొన్నిచోట్ల కలిపే క్లోరమిన్ పోదు. షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమే నిశ్చింత. బోరు నీళ్లకి ఆ బాధ లేదు. ఇనుము చిలుం వాసన వస్తుంటే మాత్రం ఒక రాత్రి నిలవుంచి తేటనీళ్లే పోయండి.

కొత్త ట్యాంకులో ఆ రోజే కప్పల్ని వేయకండి. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు నడిపే స్నేహితుడి దగ్గర పాత స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకోండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు.

మేతలో గడ్డకట్టిన బ్లడ్‌వర్మ్స్ మంచివి. మా అమ్మ మాత్రం "తినే చేపల పక్కన ఆ పురుగులేంటి" అని ఫ్రీజర్లోంచి రెండుసార్లు తీయించింది. చివరికి వాటికో మూత డబ్బా కేటాయించాం. మురుగు దగ్గర పట్టే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు చవకే, రోగాలు కూడా వాటితో వస్తాయి. ఎండు పురుగులు నానబెట్టకుండా వేస్తే కడుపులో ఉబ్బుతాయి. మునిగే గుళికలు సెలవుల్లో పనికొస్తాయి, రోజూ అవే అయితే కప్పకే విసుగు.

## ఎవరు ఏది

బుడిబుడి నడకల పిల్లలున్న ఇల్లయితే వాళ్లకి ఐదేళ్లు నిండేదాకా ఆగండి. వీటి నీళ్లలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. 2009–2011 మధ్య అమెరికాలో చిట్టి కప్పల వల్లే చాలామంది పిల్లలు విరేచనాలతో జబ్బుపడ్డారు. పెద్దవాళ్లున్న ఇంట్లోనూ చేతులు సబ్బుతో కడుక్కోవడం, ట్యాంకు సామాను వంటింటి సింకులో కడక్కపోవడం నియమంగా పెట్టుకోండి.

అద్దె ఇల్లు, బదిలీల ఉద్యోగం అయితే అడుగున్నర ట్యాంకులో రెండు చిట్టి కప్పలు. ఇంట్లో ఇప్పటికే చేపలున్నవాళ్లు వాటిలో కలపకుండా కప్పలకి వేరే ట్యాంకు పెట్టడం మంచిది. తప్పకపోతే నియాన్ టెట్రాలు, గప్పీలు సరే. గోల్డ్‌ఫిష్, సిక్లిడ్, ఫైటర్ వద్దు. నెలలో పదిహేను రోజులు ఊళ్లు తిరిగేవాళ్లకి ఏ కప్పా వద్దు.

ఇంకా కప్ప మీద మోజు ఉంటే, ఖర్చులేని దారి ఒకటుంది. వాకిట్లో సిమెంటు తొట్టిలో నీళ్లు, రెండు కలువ దుంపలు, దోమపిల్లల్ని తినడానికి నాలుగు గప్పీలు వేసి వదిలేయండి. తొలకరికి చెట్టు కప్ప తనంతట తనే వచ్చి, నీటి పైనున్న ఆకుకి నురగ గూడు కడుతుంది. చెరువుగట్టు నుంచి బోదురు కప్పల్ని, తోకకప్పల్ని పట్టుకొచ్చి ట్యాంకులో పెట్టే పని మాత్రం వద్దు. వాటికి వన్యప్రాణి చట్టం ఉంది, పైగా అవి అద్దానికి ముక్కు కొట్టుకుని చస్తాయి.

## మందుల దగ్గర జాగ్రత్త

చేపకి తెల్లమచ్చలు వచ్చాయని షాపులో ఇచ్చే మందుల్లో చాలావాటిలో రాగి, మలకైట్ గ్రీన్ లాంటివి ఉంటాయి. చేప తట్టుకుంటుంది, కప్ప తట్టుకోలేదు. గుప్పెడు కల్లుప్పు వైద్యం కూడా కప్పల ట్యాంకులో వద్దు. మందు వేయాలంటే జబ్బు చేప పక్క బకెట్లోకి మారాలి.

ఒంటి మీంచి పల్చటి పొర ఊడి వేలాడుతుంటే భయపడకండి, కుబుసం అది. చొక్కా తలమీంచి విప్పినట్టు లాక్కుని తినేస్తుంది. రోజూ ఊడుతున్నా, పొర దూదిలా తెల్లగా మూగినా, పొట్ట బెలూన్‌లా ఉబ్బినా, తొడలు ఎర్రబడినా మాత్రం ఆ కప్పని విడిగా పెట్టి, నీళ్లు మార్చి, పశువుల డాక్టర్లలో ఇలాంటివి చూసేవారు ఉంటే చూపించండి. కొత్తగా తెచ్చినవాటిని కనీసం నెల రోజులు పాతవాటితో కలపొద్దు.

తెచ్చిన రోజు కవరుని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, చిన్న గ్లాసుతో ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, కప్పని వలతో తీసి వదలండి. షాపు నీళ్లు బయట పారబోయండి. లైటు ఆర్పేయండి. పూలకుండీ పెంకు ఒకటి బోర్లా వేస్తే దాని కిందికి దూరిపోతాయి, రెండు రోజులు కనపడవు. మూడో రోజు సాయంత్రం సిరంజి పట్టుకుని కూర్చోండి.